మధ్యలో దూరితే దూరనివ్వండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు: మేం జాగ్రత్తగానే నడుపుతాం, పక్కవాళ్ళు నడపనివ్వరు అని. అందుకే మైలేజీ ప్రశ్నలను వచ్చే సంచికకు పెట్టి, ముందు బండికీ మన బండికీ మధ్య ఉండాల్సిన ఖాళీ గురించే ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు తరచూ కారులో వెళ్తుంటాను. దూరం పాటించమని అందరూ చెప్పేవాళ్ళే. నేను కాస్త ఖాళీ వదిలితే చాలు, ఎవరో ఒకరు కట్ కొట్టి అందులో దూరుతారు. నేను మళ్ళీ వెనక్కి తగ్గితే ఇంకొకరు. ఇలా తగ్గుకుంటూ పోతే ఊరు చేరేదెప్పుడండీ? (సూర్యాపేట పాఠకుడు)

జవాబు: ముందు మీ నష్టం ఎంతో లెక్క వేద్దాం. మీరు 80లో వెళ్తున్నారు, ముందు కారుకు 3 సెకన్ల వెనక ఉన్నారు. మధ్యలో ఇంకో కారు దూరింది. దానికి మళ్ళీ 3 సెకన్ల ఖాళీ ఇస్తే మీరు పోగొట్టుకునేది 2 సెకన్లు, మహా అయితే 3. దారి పొడవునా 40 మంది దూరినా మొత్తం 2 నిమిషాలు దాటదు. పంతంగి టోల్‌గేటు దగ్గర లైను తప్పు ఎంచుకున్నా అంతే పోతుంది. పైగా అలా దూరినవాళ్ళు అక్కడే ఉండిపోరు. వాళ్ళ తొందర వాళ్ళది, ఇంకో సందు కనబడగానే ముందుకెళ్ళిపోతారు. మీ ఖాళీ మీకు దానంతటదే తిరిగొస్తుంది.

దూరగానే బ్రేకు మీద కాలు వేయకండి, వెనకున్నవాడు మిమ్మల్ని గుద్దే ప్రమాదం తెచ్చుకున్నట్టవుతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు కాస్త తేల్చి 75కి రండి. గంటకు 5 కిలోమీటర్ల తేడా అంటే సెకనుకు దాదాపు 1.4 మీటర్లు. కొత్తగా వచ్చిన కారు మీకు 22 మీటర్ల ముందుంటే, అరనిమిషంలో ఆ ఖాళీ 65 మీటర్ల దాకా పెరుగుతుంది. వెనకవాడికి మీరు తగ్గినట్టు కూడా తెలియదు. అదే దూరినవాడు మరీ మీ బంపర్ ముందుకే కోసుకొచ్చి, అక్కడే బ్రేకు లైట్లు కూడా వెలిగించాడా, అప్పుడు మొహమాటం లేకుండా బ్రేకు వేయాల్సిందే.

దూరనివ్వకూడదని ముందు కారుకు అంటుకుని పోవడం ఉంది చూశారూ, అది గేటు మూయడం కాదు. గేటుకు మీరే అడ్డంగా నిలబడటం.

ప్రశ్న: ఎన్ని మీటర్లు వదలాలో ఖచ్చితంగా చెప్పండి. ఒకరు రెండు కార్లంత అంటారు, ఒకరు 10 మీటర్లంటారు. (నల్లగొండ పాఠకుడు)

జవాబు: మీటర్లలో గుర్తుపెట్టుకోకండి. కదులుతున్న బండిలోంచి 30 మీటర్లకూ 60 మీటర్లకూ తేడా కంటితో పట్టుకోవడం ఎవరివల్లా కాదు. సెకన్లలో కొలవండి. ముందు బండి వెనక బంపర్ ఏదో ఒక గుర్తును దాటగానే లెక్క మొదలుపెట్టండి: కరెంటు స్తంభం, కిలోమీటరు రాయి, ఫ్లైఓవర్ నీడ, ఏదైనా సరే. "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు." మీరు మూడో మాట పూర్తిచేసేలోగా మీ బానెట్ ఆ గుర్తును దాటిందంటే మీరు దగ్గరగా ఉన్నట్టే. తొందరగా అనే అలవాటు ఉన్నవాళ్ళు ఇంట్లో ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒకసారి సరిచూసుకోండి. మూడు మాటలకు మూడు సెకన్లు పట్టాలి.

3 సెకన్లే ఎందుకంటే, ఆగడానికి పట్టే దూరం రెండు ముక్కలుగా ఉంటుంది. ప్రమాదం కంటపడి, కాలు యాక్సిలరేటర్ నుంచి బ్రేకు మీదికి వచ్చేదాకా బండి అదే వేగంలో పోతూనే ఉంటుంది. మామూలు మనిషికి దీనికి సెకనున్నర వేసుకోవాలి. ఆ తర్వాతే బ్రేకు పనిచేసే దూరం. మంచి టైర్లున్న కారుకు, పొడి తారు రోడ్డు మీద ఇంచుమించు ఇలా వస్తుంది: 40లో 17 మీటర్లూ 9 మీటర్లూ కలిపి 26. 60లో 25, 20 కలిపి 45. 80లో 33, 35 కలిపి 68. 100లో 42, 55 కలిపి 97. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుందని గమనించండి.

ఇప్పుడు 80లో 3 సెకన్లంటే 67 మీటర్లు. అంటే ముందున్నవాడు ఉన్నట్టుండి పక్కకు తప్పుకుని, వాడి ముందు ఆగిపోయిన ట్రాక్టరు మీకు కనబడినా, దాదాపు దాని దగ్గరికొచ్చి ఆగగలరు. 2 సెకన్లకైతే 44 మీటర్లే, ఆగలేరు. ముందు బండి కూడా మనలాగే బ్రేకు వేసి ఆగుతుందన్న నమ్మకం మీద నడిచేది రెండు సెకన్ల లెక్క. మన రోడ్ల మీద ఆ నమ్మకం పెట్టుకోలేం. ఊళ్ళో 40 లోపు వేగానికి 2 సెకన్లు చాలు. 100 దాటితే 4.

అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్‌లోనో సాయంత్రం ఆరింటికి ఈ లెక్కలు నడవవు, నిజమే. అక్కడ ఫస్ట్ గేరులో పాకుతూ ఒక కారంత ఖాళీ ఏర్పడనిచ్చి నెమ్మదిగా పూడ్చుకుంటూ వెళ్ళండి. ఆగి కదిలి, ఆగి కదిలి పోయేదానికంటే క్లచ్ ప్లేటు కూడా ఎక్కువ కాలం వస్తుంది.

ప్రశ్న: నా కారుకు ఏబీఎస్ ఉంది, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులే. ముందువాడితో పాటే ఆగిపోతాను కదా, అంత ఖాళీ ఎందుకు? (కరీంనగర్ పాఠకుడు)

జవాబు: మీరు 80లో 1 సెకను దూరంలో ఉంటే మధ్య ఖాళీ 22 మీటర్లు. మీ కాలు బ్రేకు మీదికి చేరేలోగా మీరు పోయేది 33. ఆ తర్వాత మీ బ్రేకులు ముందువాడి బ్రేకులతో సమానమైనా ఆ 11 మీటర్ల లోటు ఎక్కడికీ పోదు. ఏబీఎస్ కాలు పడ్డాక పనిచేస్తుంది, పడేలోపు కాదు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసి, బ్రేకు తొక్కుతూనే స్టీరింగ్ తిప్పే వీలు ఇవ్వడమే దాని అసలు పని. వదులు కంకర మీద ఏబీఎస్ ఉన్న బండి ఆగే దూరం కొంచెం పెరుగుతుంది కూడా.

ప్రశ్న: ఔటర్ రింగు రోడ్డు మీద 100లో వెళ్తుంటే పెద్ద బండ్లు వెనక బంపర్‌కు అంటుకుని డిప్పర్లు కొడతాయి. భయపడి ఇంకా వేగం పెంచుతున్నాను. ఏం చేయమంటారు? (గుంటూరు పాఠకురాలు)

జవాబు: వేగం మాత్రం పెంచకండమ్మా. మీరు 120కి వెళ్ళినా అతను 120లో మళ్ళీ అంతే దగ్గరకొస్తాడు, తేడా ఏమిటంటే ఇప్పుడు ఇద్దరికీ ఆగే దూరం పెరిగింది. కుడి లేన్‌లో ఉంటే అద్దం చూసుకుని, ఎడమ ఇండికేటర్ వేసి దారివ్వండి. అతను తప్పు చేస్తున్నాడా ఒప్పు చేస్తున్నాడా అన్న విచారణ తర్వాత.

ఎడమకు వెళ్ళే వీలు లేనప్పుడు చేయాల్సింది చాలామందికి తట్టదు: ముందున్న ఖాళీని పెంచండి. వెనకవాడికీ మీకూ మధ్య దూరం మీ చేతుల్లో లేదు. మీకూ ముందువాడికీ మధ్య ఉన్నది మీ చేతుల్లోనే ఉంది. దాన్ని 3 నుంచి 5 సెకన్లు చేస్తే, ముందు ఏం జరిగినా మీరు గట్టిగా బ్రేకు వేయాల్సిన అవసరం రాదు. మెల్లగా ఆగుతారు కాబట్టి వెనకవాడికి కూడా ఆగే టైము దొరుకుతుంది. అతని అజాగ్రత్తకు కావాల్సిన ఖాళీ కూడా మీరే ముందు దాచిపెడుతున్నారన్నమాట.

ముందు ట్రాఫిక్ ఆగినట్టు దూరం నుంచే కనబడితే బ్రేకు పెడల్‌ను వేగం తగ్గనంత తేలిగ్గా రెండుమూడుసార్లు తాకండి. లైట్లు వెలుగుతాయి, వెనకవాడు ఫోన్‌లోంచి తలెత్తుతాడు. పూర్తిగా ఆగాల్సి వస్తే నాలుగు ఇండికేటర్లూ వేయండి. బుద్ధి చెబుదామని సడన్ బ్రేకు మాత్రం వేయకండి. వెనక ఉన్నది నిండు లోడు లారీ అయితే 80లో మీ కారు 35 మీటర్లలో ఆగినా దానికి 50 పైనే పడుతుంది, గాలి బ్రేకు పట్టుకోవడానికి కొంత ఆలస్యం కూడా ఉంటుంది. బుద్ధి మీకే వస్తుంది.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందు బండి వెనక టైర్లు రోడ్డును తాకే చోటు మీ సీట్లోంచి కనబడేలా ఆగండి. వెనక నుంచి ఎవరైనా గుద్దినా మీరు ముందువాడి మీద పడే అవకాశం తగ్గుతుంది. ముందు ఆటో ఆగిపోతే రివర్సు చేయకుండానే పక్కకు తిప్పుకుని పోవచ్చు. వెనక రెండు బండ్లు వచ్చి ఆగేదాకా గేరు తీయకండి, కన్ను అద్దం మీద ఉంచండి.

ప్రశ్న: బైకు మీద వెళ్తుంటే కార్ల కింద నుంచి గుంతలు ఒక్కసారిగా బయటపడతాయి. (తెనాలి పాఠకుడు)

జవాబు: కారుకు సరిగ్గా మధ్యలో వెనకపడి వెళ్ళడం వల్ల వచ్చే చిక్కు ఇది. కారువాడు గుంతను రెండు చక్రాల మధ్యకు తీసుకుని దాటేస్తాడు, మీకున్నది ఒకటే వరస. అతని చక్రం నడిచిన గీతలో, అద్దంలో మీరు కనబడే వైపు నడపండి. అతను దేన్ని తప్పించాడో మీకూ తెలుస్తుంది, అతను ఆగిపోతే పక్కకు పోయే దారీ ఉంటుంది. దూరం మాత్రం కారుకంటే ఒక్క అంగుళం తగ్గడానికి వీల్లేదు. స్కూటర్ 50లో ఆగడానికి ఆలోచనతో కలిపి 40 మీటర్లు తింటుంది, డ్రమ్ బ్రేకులైతే ఇంకొంచెం ఎక్కువే. 125 సీసీ లోపు బండ్లలో చాలావాటికి ఏబీఎస్ ఉండదు, రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ ఉంటుంది. అది జారకుండా ఆపే ఏర్పాటు కాదు. ముందు బ్రేకును ఒక్కసారిగా పిండకుండా, బరువు ముందు చక్రం మీదికి వచ్చాక ఒత్తిడి పెంచండి.

ఆర్టీసీ బస్సు, షేర్ ఆటో వెనక ఉంటే ఇంకో సెకను కలుపుకోండి. చెయ్యి ఎత్తిన మనిషి కనబడ్డ చోటల్లా అవి ఆగుతాయి. కాబట్టి ఆటోను కాదు, ఆటో ముందు రోడ్డు పక్కన నిలబడ్డ మనుషుల్ని చూస్తూ నడపండి.

ప్రశ్న: రాత్రిపూట లారీల వెనక, చెరకు ట్రాక్టర్ల వెనక నడపడం ఎలా? (తణుకు పాఠకుడు)

జవాబు: ఇది ఈ సంచికలో అన్నిటికంటే గట్టిగా పట్టించుకోవాల్సిన ప్రశ్న. డిమ్ లైటులో మీకు స్పష్టంగా కనబడేది 40, 50 మీటర్లు. 60లో ఆగడానికి 45 మీటర్లు కావాలని పైన చెప్పాం. అంటే వీధి లైట్లు లేని రోడ్డు మీద, ఎదురు బండ్ల వల్ల డిమ్‌లోనే నడపాల్సి వచ్చినప్పుడు 60 దాటితే, కనబడ్డాక ఆగలేని వేగంలో పోతున్నారని అర్థం. లైట్లూ రిఫ్లెక్టర్లూ లేని ట్రాలీ, పంక్చరై రోడ్డంచున వదిలేసిన లారీ, ఆరబోసిన వడ్ల చుట్టూ పేర్చిన రాళ్ళు, ఇవన్నీ ఆ 50 మీటర్లలోపే బయటపడతాయి.

ఇక్కడ ముందు బండిని మీ కళ్ళుగా వాడుకోవచ్చు, తగినంత వెనకుంటేనే. 4 సెకన్ల దూరం నుంచి దాని వెనక లైట్లు చూస్తూ ఉండండి. అవి ఉన్నట్టుండి పక్కకు జరిగాయంటే అక్కడేదో ఉంది. అప్పుడు మీరు వేయాల్సింది బ్రేకు. అతని వెనకే స్టీరింగ్ తిప్పకండి, ఎదురుగా వచ్చేది అతనికి కనబడినట్టు మీకు కనబడదు.

లారీ వెనక ఎంత దూరమంటే, దాని సైడు అద్దాలు రెండూ మీకు కనబడాలి. అవి కనబడకపోతే మీరు ఆ డ్రైవరుకు లేనట్టే. ఓవర్‌టేక్ చేయాలన్నా ముందు వెనక్కి తగ్గాలి, దగ్గరికి పోయి తొంగిచూడకూడదు. వెనకుంటే రోడ్డు పొడవునా కనబడుతుంది, దగ్గరికెళ్తే లారీ డాలా తప్ప ఏమీ కనబడదు. ఇంకొకటి: లారీవాళ్ళు కుడి ఇండికేటర్ వేస్తే "నువ్వు వెళ్ళు" అనే అర్థం ఒకటి మన రోడ్ల మీద చెలామణీలో ఉంది. "నేనే కుడికి తిరుగుతున్నా" అనే అసలు అర్థమూ ఉంది. ఏదో తేల్చుకోలేనప్పుడు వెళ్ళకండి. ఇనుప కడ్డీలు బయటికి పొడుచుకొచ్చిన బండి వెనకైతే దూరాన్ని చివర కట్టిన ఎర్ర గుడ్డ నుంచి కొలవండి, బంపర్ నుంచి కాదు. రాత్రి ఆ గుడ్డ కనబడదు. కంకర టిప్పర్ వెనక అసలు ఉండకండి. అద్దం పగలడానికి ఒక్క రాయి చాలు.

ప్రశ్న: ముందువాడు సడన్‌గా బ్రేకు వేస్తే గుద్దిన నాదే తప్పంటున్నారు. ఇదేం న్యాయం? (హన్మకొండ పాఠకుడు)

జవాబు: సగం న్యాయమే. ముందు బండి ఉన్నట్టుండి వేగం తగ్గించినా, ఆగినా గుద్దుకోనంత దూరంలో ఉండటం వెనకవాడి బాధ్యతని 1989 నాటి రోడ్డు నిబంధనల్లో 23వది చెప్పింది. వాటి స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చినా ఆ బాధ్యత పోలేదు. 2018లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో లారీ సడన్ బ్రేకు వేస్తే వెనకున్న కారు గుద్దింది. మధ్య దూరం 10 నుంచి 15 అడుగులే. అది సురక్షిత దూరం కాదని కోర్టు కారు వైపే తప్పు పట్టింది.

మిగతా సగం 2025లో వచ్చింది. కోయంబత్తూరు దగ్గర హైవే మీద ఒక కారు ఏ సూచనా లేకుండా ఆగితే వెనక బైకు దాన్ని గుద్దింది, పడిపోయిన కుర్రాడి మీదుగా బస్సు వెళ్ళింది. హైవే మధ్యలో హెచ్చరిక లేకుండా ఆపడం నిర్లక్ష్యమేనని చెప్పి సుప్రీంకోర్టు కారుకు 50 శాతం, బస్సుకు 30 శాతం బాధ్యత వేసింది. దూరం పాటించనందుకూ, లైసెన్సు లేనందుకూ బైకు నడిపినవాడి మీద 20 శాతం ఉంచింది. కాబట్టి ముందువాడి తప్పు నిరూపించాలంటే ఆధారం మీ దగ్గరుండాలి. ముందూ వెనకా డాష్‌క్యామ్ (రోడ్డును రికార్డు చేసే చిన్న కెమెరా) పెట్టించుకోండి. ఎవరికీ దెబ్బలు తగలకపోతే, బండ్లు కదపకముందే రెండు నంబర్ ప్లేట్లూ, రోడ్డు మీద టైరు గీతలూ, చుట్టుపక్కల గుర్తులూ పడేలా ఫొటోలు తీసి, వెంటనే పక్కకు జరపండి.

బీమా సంగతి: థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ బానెట్‌కు పైసా రాదు. సమగ్ర పాలసీ ఉంటే తప్పు మీదైనా మీ బండి మరమ్మతుకు ఇస్తారు, కానీ నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనివారికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. ఐదేళ్ళు క్లెయిమ్ లేనివారికి అది 50 శాతం దాకా ఉంటుంది కనుక, చిన్న బంపర్ పనికి క్లెయిమ్ పెట్టేముందు మరమ్మతు ఖర్చునూ పోయే బోనస్‌నూ పక్కపక్కన వేసి చూసుకోండి.

ప్రశ్న: కొత్త కారులో రాడార్ క్రూజ్ (ముందు బండిని బట్టి వేగాన్ని తనంతట తానే సర్దుకునే ఏర్పాటు) ఉంది, దూరం అదే చూసుకుంటుందట. నిజమేనా? (విశాఖపట్నం పాఠకురాలు)

జవాబు: కదులుతున్న కారు వెనక చాలావరకు చూసుకుంటుంది. ఆగి ఉన్న బండిని, అడ్డంగా వచ్చిన పశువును, లేన్ అంచున పోయే బైకును అది గుర్తించకపోవచ్చని కారుతో ఇచ్చిన పుస్తకంలోనే రాసి ఉంటుంది, ఒకసారి చదవండి. దూరం సెట్టింగును ఎప్పుడూ అన్నిటికంటే పొడవైన గీతలో పెట్టండి. ఎవరైనా కట్ కొట్టి దూరితే ఈ వ్యవస్థ కొన్నిసార్లు మనం వేసేదానికంటే గట్టిగా బ్రేకు వేస్తుంది, వెనకవాడు అది ఊహించడు. అందుకే రద్దీ ఎక్కువగా ఉన్నప్పుడు, వానలో, ఊళ్ళ మధ్య దాన్ని ఆపేసి మీరే నడపండి.

ప్రశ్న: వానలో ఎంత? (అమలాపురం పాఠకుడు)

జవాబు: 3 సెకన్లు ఉన్నచోట కనీసం 5. తడి రోడ్డు మీద 80లో బ్రేకు దూరమే 35 నుంచి 55 మీటర్లకు పోతుంది, టైరు అరిగితే ఇంకా పైకి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లుంటే చాలని చట్టం అంటుంది. వానాకాలం ముందు 3 లోపు ఉన్న టైర్లు మార్చేయమని మా సలహా. ఎండాకాలం తర్వాత పడే తొలి వానలో దుమ్మూ ఆయిలూ కలిసి రోడ్డు సబ్బు పూసినట్టుంటుంది, మొదటి అరగంట మరీను. కదులుతూ నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోకండి. మీరు ఏ పక్కకు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. డిమ్ లైట్లు వేస్తే వెనక లైట్లూ వెలుగుతాయి, అవి చాలు.

ప్రశ్న: జర్మనీలో ఉన్న మా అబ్బాయికి ఆటోబాన్ (అక్కడి ఎక్స్‌ప్రెస్ హైవే) మీద దూరం పాటించలేదని జరిమానా నోటీసు వచ్చింది. అక్కడ లెక్క ఏమిటి? (రాజమహేంద్రవరం పాఠకుడు)

జవాబు: స్పీడోమీటర్‌లో సగం. 100లో 50 మీటర్లు, 120లో 60. సెకన్లలోకి మారిస్తే 1.8 వస్తుంది. 80 దాటిన వేగంలో ఆ సగంలో మళ్ళీ సగానికి తగ్గితే, అంటే 100లో 25 మీటర్ల లోపుకొస్తే జరిమానా. 100కి మించిన వేగంలో 15 మీటర్ల స్థాయికి తగ్గితే లైసెన్సు కొంతకాలం ఆపేస్తారు. వంతెనల మీద కెమెరాలతో కొలుస్తారు కనుక వాదించి లాభం తక్కువ.

ప్రశ్న: వెనక లైటు వెలుగుతూనే ఉంది, అయినా బ్రేకు లైటు లేదని పోలీసులు ఆపారు. ఎలా? (ఖమ్మం పాఠకుడు)

జవాబు: ఎల్‌ఈడీలు కాని చాలా బండ్లలో ఈ రెండూ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు. ఒకటి పోయినా రెండోది వెలుగుతూ ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. రాత్రి బండిని వెనక్కి తీసి గోడకో షాపు షట్టరుకో దగ్గరగా ఆపి, బ్రేకు తొక్కి అద్దంలో చూడండి. గోడ మీద రెండు ఎర్ర వెలుగులూ ఒక్కసారిగా పెరగాలి. ఒకవైపే పెరిగితే బల్బు మార్చండి. రెండువైపులా పెరగకపోతే బల్బులు కొనేముందు ఫ్యూజు చూసి, ఆ తర్వాత పెడల్ దగ్గరుండే బ్రేకు స్విచ్ చూపించండి. ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది.